జుబేదా పేరు మీద వేసిన ఓటు

ఇన్నేళ్లూ ఈ బరువును గుండెల మీద మోస్తూనే ఉన్నాను. మా వాళ్లెవరికీ చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

తెల్లవాళ్ల పాలన పోవడానికి ముందు జరిగిన ఆఖరి ఎన్నిక అది. నరసరావుపేటలో మా సాయిబుల వీధంతా వాదులాటలే. అప్పట్లో మా సాయిబులకు వేరే సీటు, వేరే ఓటు. అయితే అది అందరికీ లేదు. పన్ను కట్టేవాళ్లకీ, చదువు వచ్చినవాళ్లకీ మాత్రమే. మాది అద్దె ఇల్లు, నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. పక్కింటి జుబేదాకు చదువు వచ్చు, ఓటూ వచ్చింది. ఆమె భర్త ఖాసింకు బట్టల కొట్టు ఉంది. పెళ్లాం గడప దాటితే ఒప్పుకోని మనిషి.

జుబేదా నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేది. మధ్యాహ్నాలు పెరటి గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసి నా చేత దిద్దించేది. వచ్చే ఎన్నికకు నీకూ ఓటు వస్తుంది ఆపా, అనేది. అంతవరకు నేను ఆగలేకపోయాను. ఎందుకు? నాకంటే చిన్నదానికి దొరికింది నాకెందుకు దొరకలేదన్న కుళ్లు. మగవాళ్లు అంతగా కొట్లాడుకుంటున్న ఆ చీటీని ఒక్కసారి నా చేత్తో పెట్టెలో వేయాలన్న పిచ్చి. ఎలాగూ ఖాసిం ఆమెను పంపడు, పోయేదేముందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఎన్నిక రోజు పొద్దున బురఖా వేసుకుని వెళ్లి, జుబేదానని చెప్పి, ఓటు వేసి వచ్చాను. సంతోషమేసింది. ఆ మాట దాచను.

మధ్యాహ్నం జుబేదా పరుగున వచ్చింది. భర్త ఒప్పుకున్నాడట, బండికి తెర కూడా కట్టించాడట. తోడు రమ్మంది. ఎండగా ఉంది, వద్దులే అన్నాను. వింటేనా! మొహం అంతగా వెలిగిపోతుంటే ఎవరు ఆపగలరు? నోరు విప్పాల్సింది అప్పుడే. విప్పలేదు. ఆమె పక్కనే బండెక్కాను.

"ఈ పేరు మీద పొద్దున్నే ఓటు పడిందమ్మా," అన్నాడు ఓట్లు వేసే చోట అధికారి.

మాతో వచ్చి బయట నిలబడ్డ ఖాసింకు ఆ మాట వినపడింది. లోపలికి వచ్చాడు. "నేను కొట్లో ఉంటే ఎవరితో వచ్చావే?" అన్నాడు.

జుబేదా నా చెయ్యి పట్టుకుంది. అధికారికి కూడా అర్థం కావాలని తెలుగులోనే అడిగింది. "ఆపా, నువ్వన్నా చెప్పు. పొద్దుగాల నేను యాడికన్నా పోయినానా? ఇంట్లోనే ఉన్నా గదా?"

"నాకేం తెలుసమ్మా? నేను చూళ్లేదు," అన్నాను.

ఆమె చెయ్యి వదిలేసింది. తిట్టలేదు. నా మొహంలోకి ఒక్కసారి చూసింది. నేనేనని ఆమెకు అప్పుడే తెలిసిపోయిందా? తెలిసీ నా పేరు బయట పెట్టలేదా? అదే నిజమైతే నేను మరీ నీచురాలిని. కాదనుకుందామంటే ఆ చూపు కాదనుకోనివ్వదు.

దొంగచాటుగా తిరిగే ఆడది నాకొద్దని ఖాసిం ఆ వారంలోనే ఆమెను దాచేపల్లిలో పుట్టింటికి పంపేశాడు. మళ్లీ తీసుకురాలేదు. వేరే పెళ్లి చేసుకున్నాడు. నేను ఆ పెళ్లి భోజనానికి వెళ్లాను. వెళ్లకపోతే అనుమానిస్తారేమోనని వెళ్లి, తిని వచ్చాను. జుబేదా పోయిందన్న కబురు వచ్చిన రోజు తలుపు వేసుకుని ఏడ్చాను. తలుపు తీసి చెప్పే ధైర్యం మాత్రం ఆ రోజూ రాలేదు. ఇప్పుడు ఎవరి కాళ్ల మీద పడాలి?

అందరికీ ఓటు వచ్చాక నన్నూ పిలిచారు. ఇంతవరకు వెళ్లలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగేది కాదు. చెప్పేశాను, ఇవాళ కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. ఈ అక్షరాలన్నీ జుబేదా నేర్పినవే. అన్నిటికంటే ముందు ఆమె నా చేత దిద్దించింది నా పేరు. ఆమె పేరు ఇన్నిసార్లు రాశాను గానీ, నా పేరు మాత్రం ఇక్కడ రాయలేకపోతున్నాను.