లాభం, రెండు, మూడు

మొన్న ఆత్మకూరు బస్టాండులో మనవరాలిని హైదరాబాదు బస్సెక్కిస్తూ, అలవాటు కొద్దీ "క్షేమంగ పోయి లాభంగ రా బిడ్డా" అన్నాను. అది కిటికీలోంచి పకపకా నవ్వి, "పరీక్ష రాయనీకి పోతున్న అవ్వా, యాపారం జేయనీకి కాదు" అంది. బస్సు కదిలింది కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఆ మాట వెనక నేను పడ్డ భయమంతా చెప్పి దానికి బస్సు తప్పించేదాన్నే.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఎవరూ ఒకటి అనేవారు కాదు, లాభం, రెండు, మూడు అని రాగం తీసేవారు. మా ఇంట్లో గొర్రెలను దొడ్డిలోకి తోలేటప్పుడూ అదే లెక్క. ఒకటి అంటే ఆ ఒక్కదానితోనే ఆగిపోతుందని పెద్దల భయం. నేనేమో అప్పుడే బడిలో చేరినదాన్ని. పంతులు బెత్తం పుణ్యమా అని నా నోట ఒకటి తప్ప మరో మాట వచ్చేది కాదు.

అవి అరవైల తొలి సంవత్సరాలు, కృష్ణ మీద జూరాల ఆనకట్ట ఇంకా లేదు. ఎండలు ముదిరి మా వైపు గడ్డిపోచ దొరకనప్పుడు మా నాయిన, పెదనాయిన, చిన్నాయిన మందను తోలుకుని ఏటి అవతలికి పోయేవారు. ఆ ఏడు సాగనంపడానికి రేవుకు వెళ్లి, వాళ్లు మోకాలి లోతు నీళ్లలో అడుగు పెడుతుంటే నేను వేలు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అని గట్టిగా లెక్కపెట్టాను. ముందు నడిచింది మా నాయిన. నాయినను కన్న మా అవ్వ చటుక్కున నా నోరు మూసింది. తిట్టి ఉంటే బాగుండేది. కొడుకుల వైపు తిరిగి, క్షేమంగ పోయి లాభంగ రాండ్రి అని దీవించింది.

తొలకరి పడే మిరుగం కార్తెకు రావలసినవాళ్లు రాలేదు, వాళ్లకంటే ముందు ఏరు వచ్చింది. ఎర్రటి నీళ్లు రేవు మెట్లన్నీ మింగేశాయి. ఎవరిదో మంద కొట్టుకుపోయిందని చేపలవాళ్లు చెప్పిన రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. నాయినవాళ్లను నా నోరే మింగిందని నాకు గట్టి నమ్మకం. గడప మీద కూర్చుని లాభం, రెండు, మూడు అని గొంతు ఎండిపోయేదాకా జపించాను. అవ్వ ఎదురైతే తల తిప్పుకునేదాన్ని.

తొమ్మిదో రోజు పొద్దున అవతలి నుంచి పుట్టి పడవ వస్తోందని కేక వినబడింది. అందరం పరుగెత్తాం. ఒడ్డుకు చేరేదాకా అవ్వ ఎవరినీ లెక్కపెట్టనివ్వలేదు. మొదట దిగింది మా నాయిన. ఆయన రొమ్ము మీద చెయ్యి వేసి అవ్వ లాభం అంది, తక్కిన ఇద్దరినీ తాకి రెండు, మూడు అంది. నాయిన ఏడుస్తూ కూలబడ్డాడు.

"సగం మంద ఏట్ల గొట్కపోయిందమ్మా, ఇంగేం లాభం?"

"లాభంగ రమ్మని గొర్లకు జెప్పిన్నార నేను? ముగ్గురు పోయిన్రు, ముగ్గురొచ్చిన్రు. గదే లాభం."

ఆ దీవెన ఎక్కడ పుట్టిందో పండితులు ఏమంటారో నాకు తెలియదు. మా అవ్వ మాత్రం రేవులోనే పుట్టిందనేది. పూర్వం ఏరు దాటి వచ్చే మగవాళ్లను ఆడవాళ్లు ఒడ్డున నిలబడి లెక్కపెట్టుకునేవారట. రెండోవాడు వస్తాడో రాడో తెలియదు కాబట్టి, మొదట కాలు మోపినవాణ్ణే లాభమని పిలుచుకున్నారట.

ఇప్పుడు ఏటి మీద వంతెన ఉంది, బస్సు దిగకముందే చేరామని ఫోను వస్తుంది. భయం తగ్గింది, సంతోషమే. నిన్న మనవరాలు తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, దాని భుజం మీద చెయ్యి వేసి లాభం అన్నాను. రెండు అనడానికి దాని వెనక చూశాను. ఎవరూ లేరు. ఈ కాలంలో ఎవరి ప్రయాణం వాళ్లదే. అవ్వ భయపడినట్టే నా లెక్క మొదటి మనిషి దగ్గరే ఆగిపోతోంది.