వాన అడిగినవాళ్ళు

స్వతంత్రం వచ్చిన మరుసటేడు జగ్గయ్యపేటలో వాన ముఖం చూపించలేదు. జొన్న మోకాలెత్తున ఆగిపోయి ముడుచుకుపోయింది. బావుల్లో నీళ్ళకంటే బురదే ఎక్కువ వచ్చేది. నైజాం గొడవలకి భయపడి సరిహద్దు దాటి వచ్చినవాళ్ళతో ఊరు నిండిపోయి, తాగే నీళ్ళకి కూడా కొట్లాటలే. మా క్రైస్తవ సంఘంలో శుక్రవారాలు ఉపవాసముండి వానకోసం ప్రార్థన పెట్టారు. ముందు మోకరించేది మా అత్త. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. కాని ఆవిడ పట్టుకుంటే దేవుడికి తప్పించుకునే దారి ఉండదని మా పాస్టరు అయ్యగారే నవ్వుతూ అనేవారు.

వాన వచ్చింది. వచ్చాక ఇక తెరిపి లేదు. జనం వీధుల్లోకొచ్చి తడిశారు. నేను తడవలేదు. మిషను బడిలో పంతులుగా చేసే మా ఆయన అప్పటికే జ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. అది విషజ్వరమనీ, ఇక్కడ తనవల్ల కాదనీ, వెంటనే బెజవాడ తీసుకుపొమ్మనీ డాక్టరు చెప్పాడు. బొగ్గుతో నడిచే బస్సు వెనక సీటులో ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అత్త కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుంది. నందిగామ దాటాం. అది నా పుట్టిల్లు, కాని దిగి అన్నయ్యకి కబురు చెప్పే వ్యవధి కూడా లేదు. కీసర దగ్గర మున్నేరు ఒడ్లు పొర్లి పారుతోంది. బస్సు ఆగిపోయింది. అవతలి ఒడ్డున బెజవాడ నుంచి వచ్చిన బస్సు నిలబడి ఉంది. అందులో జనం మొహాలు కూడా కనిపిస్తున్నాయి, అంత దగ్గర. అత్త బురదలో మోకరించి, వాన ఆపమని అడిగింది. ఆగలేదు. పొద్దు వాలకముందే ఆయన పోయాడు.

ఆదరించడానికి వచ్చినవాళ్ళు తలా ఒక కారణం తెచ్చారు. దేవుడికి మంచివాళ్ళే ముందు కావాలన్నాడొకాయన. అలా అన్నాయన డెబ్భయ్యేళ్ళు దాటి గుండ్రాయిలా ఉన్నాడు. ఇది పరీక్ష అన్నారు ఇంకొకరు. ఒకావిడ నా చెవి దగ్గరికి వచ్చి, ఏదైనా దాచిన పాపం ఉంటే ఒప్పేసుకో తల్లీ అంది. ఎంత వెతుక్కున్నా అత్తమీద విసుక్కోవడం తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు. దానికి దేవుడు ఏరు పొంగిస్తాడా?

నన్ను తినేసింది అది కాదు. వాళ్ళందరితో పాటు వాన నేనూ అడిగాను. అడిగింది ఇచ్చి, అడగనిది తీసుకుపోయాడు. ఎందుకు అని నాతోపాటు అడిగే మనిషి ఒక్కరు కావాలి నాకు. ఒక్కరంటే ఒక్కరు లేరు. ఇంట్లో ఉన్నది అత్త. ఆవిడ కంట నీటిచుక్క లేదు. పొద్దున్నే కలుపుకి పోయేది, వచ్చి వండినదేదో తినేది, గోడవైపు తిరిగి పడుకునేది. ఈవిడకి దేవుడుంటే చాలు, కొడుకు లేకపోయినా పర్లేదు అనుకున్నాను. ఆ ఇంట్లో నా గొంతు నాకే వినబడక నాలుగు నెలలు గడిచాయి. ఒంటరితనమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పుట్టింటికి వెళ్ళిపోదామని అన్నయ్యకి కబురంపాను. కోతపండుగ అయ్యాక బండి కట్టుకొస్తానన్నాడు.

ఆ ఏడు పంట విరగపండింది. పండుగనాడు గుళ్ళో జొన్నకంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళతో అరుగు నిండిపోయింది. మా సంఘంలో ఒక పద్ధతుండేది. ఎవరు ముందుండి అడిగారో, దొరికాక వాళ్ళే లేచి కృతజ్ఞత చెప్పాలి. అయ్యగారు మొహమాటపడుతూనే అత్త పేరు పిలిచారు. వద్దంటే ఊరుకునేవారే. ఆవిడ లేచింది.

“తండ్రీ, వాన అడిగింది నేనే,” అంది. “ఇచ్చావు. అందరి గాదెలూ నిండినయ్. సంతోషం. ఏటి ఒడ్డున నిన్ను ఇంకోటి అడిగా. బస్సు దాటేదాకా ఆపమన్నా. ఆ కాసేపు నీకు బరువైందా? ఎందుకు ఆపలా? నాకు చెప్పు. చెప్పేదాకా నీకు వందనాలు చెప్పడం నావల్ల కాదు. యేసు నామంలో అడుగుతున్నా.”

ప్రార్థన అయిపోగానే గుడంతా ఆమేన్ అనాలి. ఎవరూ అనలేదు. అయ్యగారు తల వంచుకున్నారు. కాళ్ళు కట్టిన కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. అత్త నిలబడే ఉంది, ఒక్కతే, అంతమందిలో.

“ఆమేన్,” అన్నాను. నా గొంతు పెద్దగానే వచ్చింది. జనం తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

గుడి బయట అన్నయ్య బండితో ఉన్నాడు. నేను రావడం లేదని చెప్పాను. అన్నయ్య నా మొహం చూసి, బండి వెనక్కి తిప్పాడు. అత్తా నేనూ ఇంటిదారి పట్టాం. కొంతదూరం పోయాక ఆవిడ ఆగింది.

“అమ్మాయ్, పైనున్న ఆయనకి కోపం వచ్చుంటదంటావా?”

“వస్తే రానీ అత్తా. ముందు మన కోపం తగ్గనీ.”

అప్పుడు ఏడ్చింది మా అత్త. కోమట్ల కొట్ల మధ్య, బేరాలాడేవాళ్ళు మాటలాపి చూస్తుండగా, నడివీధిలో చతికిలబడి, కొడుకుని పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను.