తెర అడుగున ఒక ఊరు

టీవీ వార్తల కింద ఒక పట్టీ పరుగెడుతూ ఉంటుంది కదా, అందులో అక్షరాలు కొట్టడమే ఆమె పని. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ స్క్రోలింగ్ అక్క అనేవారు. ఛానల్ పుట్టిన నాటి నుంచీ అదే కుర్చీ. ఏసీ గాలి సరిగ్గా నెత్తిన పడే చోటు కావడంతో ఏడాది పొడుగునా భుజాల మీద శాలువా ఉండేది. ఎంత ఘోరాన్నయినా ఒక్క ముక్కలో తేల్చేయాలి. ఇంట్లోనూ అదే అలవాటు. "పెళ్ళికి పిలిచినా స్క్రోలింగే వేస్తావే నువ్వు" అని పిన్ని ఏడిపించేది.

తల్లి చిన్నప్పుడే పోతే ఆ పిన్నే అక్కను పెంచి పెద్దచేసింది. పిన్ని నర్సు. అక్క తన కాళ్ళ మీద తాను నిలబడ్డాక, వేరే దేశంలో కొండ కిందున్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే వెళ్ళింది. ఏటా సెలవుకు వచ్చి పోతుండేది.

ఒక ఉదయం మరో దేశంలో, ఒక గొప్ప నగరంలో పెద్ద హోటల్ అంటుకుంది. తెరంతా మంటలే. యాంకర్లు గొంతు చించుకుంటున్నారు. ఆ హడావిడిలోనే వార్తల ఏజెన్సీ నుంచి ఇంకో రెండు లైన్లు వచ్చాయి. 'భారీ వర్షాలకు విరిగిపడ్డ కొండచరియలు. వందలాది మంది గల్లంతు.' అలవాటుగా కొట్టేసింది. చివర ఊరి పేరు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. అది పిన్ని ఉండే ఊరు.

ఫోను కలవలేదు. మళ్ళీ చేసింది, కలవలేదు. లేచి వార్తల ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఈ కొండ వార్త కూడా కాస్త చదివించండి."

"విజువల్స్ ఏవమ్మా? హోటల్‌వి చూడు, నిమిషానికొకటి వచ్చి పడుతున్నాయి. అయినా వానలొస్తే అక్కడ కొండలు కూలడం మామూలేగా."

"మా పిన్ని అక్కడే ఉంది సార్."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అయ్యో! మనవాళ్ళున్నారని ముందే చెప్పొద్దూ?"

చెడ్డవాడేం కాదు. మంచినీళ్ళు తెప్పించాడు, తెలిసిన చోటికల్లా ఫోన్లు చేశాడు. భోజనాల వేళకు పిన్నే ఆసుపత్రి ఫోను నుంచి పలికింది.

"బతికే ఉన్నానే. ఏడవకు. ఇక్కడ ఏడవడానికి కూడా తీరిక లేదు."

అక్క కళ్ళు తుడుచుకునేలోపే ఇన్‌చార్జి ఫోను అందుకుని, ఒక్క రెండు మాటలు చాలని బతిమాలి, లైన్ స్టూడియోకి కలిపించాడు.

"మేడం, మీరు క్షేమమేనా? అక్కడ మనవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని యాంకర్ అడిగాడు.

"నేను బాగానే ఉన్నాను బాబూ. కొండవాలు మీది బస్తీ బస్తీ అంతా మట్టి కిందకి పోయింది. మా వార్డు తుడిచే ఆమె నిన్న డ్యూటీ దిగి ఇంటికెళ్ళింది, ఇప్పుడక్కడ ఇల్లే లేదు. చేతులతో తవ్వుతున్నారు. తాగడానికి నీళ్ళు..."

"మరి మనవాళ్ళకి ప్రమాదమేం లేదుగా మేడం?"

"చెప్తున్నాగదయ్యా! రోజూ నా పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి. ఆమె కాకపోతే ఇంకెవరు మనవాళ్ళు?"

లైన్ తెగింది. తెగిందో, తెంపారో. తెర మీదకి మళ్ళీ హోటల్ వచ్చింది.

"కొండచరియల నుంచి బయటపడ్డ మన నర్సు, ఇది కొట్టమ్మా" అన్నాడు ఇన్‌చార్జి. కొట్టింది. దాని వెనకే, ఎవరూ చెప్పకుండానే, 'మట్టి కింద బస్తీ. తాగునీరు లేదు. చేతులతో తవ్వుతున్న జనం' అని కూడా కొట్టి, వదలకుండా తిప్పుతూనే ఉంది. సాయంత్రానికి ఆయన కంట్లో పడింది.

"ఎన్నిసార్లమ్మా? జనానికి విసుగు రాదూ?"

"హోటల్ పొద్దున్నుంచీ తిరుగుతోంది కదా సార్. తీసేయమంటే తీసేస్తాను. మీరు చెప్పండి."

ఆయన తల గోక్కున్నాడు. తీసేయమనలేదు, ఉంచమనీ అనలేదు. మర్నాటి దాకా ఉంది. దాన్ని చూసి కొందరు ఫోన్ చేశారు. ఎక్కువమంది అడిగింది అక్కడ నర్సు ఉద్యోగాలు ఎలా దొరుకుతాయని. టీవీలో పిన్ని మాటలు విన్న ఒక పెద్దావిడ మాత్రం, ఆ వార్డు తుడిచే ఆమె దొరికిందా అని అడిగింది. దొరకలేదు.

మరుసటి ఏడు పిన్ని సెలవు మీద వచ్చిన రోజుల్లోనే, హోటల్ ప్రమాదానికి ఏడాది నిండిందని ఛానల్ ప్రత్యేక కార్యక్రమం వేసింది. పోయిన ఒక్కొక్కరి ఫోటో, పేరు, కన్నవాళ్ళ మాటలు. అక్కకు ఒళ్ళు మండి రిమోట్ అందుకుంది.

"కట్టేస్తాను పిన్నీ. మీ ఊరి ఊసే లేదు."

"ఉండనీవే. వాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు? కడుపుకోత ఎవరిదైనా కడుపుకోతే."

పిన్ని చివరిదాకా చూసి, కళ్ళొత్తుకుంది. ఆ తర్వాత చాలాసేపు ఆ వార్డు తుడిచే ఆమె గురించే చెప్పింది. గొంతు బాగోకపోయినా పొద్దస్తమానం పాడుతూనే ఉండేదట. ఆసుపత్రిలో పనిచేస్తూ కూడా సూది అంటే చంటిపిల్లలా పరుగు తీసేదట.

సెలవు అయిపోగానే పిన్ని మళ్ళీ ఆ ఊరికే వెళ్ళింది. ఇక చాలు, ఉండిపొమ్మని అక్క ఎంత చెప్పినా వినలేదు.