పేర్లు చెరిపేసిన క్యాసెట్టు

క్యాసెట్ల రోజులవి. నర్సీపట్నంలో కొయ్యూరు జీపెక్కాను. డ్రైవరు చర్చి పాటల కాపీ క్యాసెట్టు పెట్టాడు. పాట మొదలవగానే నా పక్కనున్నావిడ ఇంజను మోతను మించి గొంతెత్తి, "పాడింది మా వదిన. డోలక్ మా మావయ్య," అంది.

డ్రైవరు విసుక్కున్నాడు. "ఏటమ్మా ఇది?"

"ప్రతి పాటకీ ముందు పేర్లు సెప్పి రికార్డు సేయించినాం బాబూ. కాపీ కొట్టినోడు అవి సెరిపేసినాడు."

"దేవుడి పాటకి ఎవలి పేరైతే ఏటి?"

"పాట దేవుడిదే. డోలక్ కొట్టి సేతులు వాసిపోనాయి మా మావయ్యకి."

తర్వాతి పాటలకూ ఆవిడ పేర్లు చెబుతూనే ఉంది. కొయ్యూరు రాకముందే, దారిలో ఓ మలుపు దగ్గర దిగిపోయింది.

జీపు కదిలింది. కొత్త పాట అందుకుంది. కాసేపటికి డ్రైవరే అద్దంలోంచి మావైపు చూశాడు.

"దీనికి డోలక్ ఎవలో?"