గాజుల షకీలా సాక్ష్యం

మెదక్‌లో గాజుల దుకాణాలకు కొదవ లేదు. అయినా చాలామంది ఆడవాళ్లు గాజులు వేయించుకోవాలంటే, అందరూ ఆపా అని, అంటే అక్కా అని పిలిచే షకీలాపా దగ్గరికే వస్తారు. నా పేరు కరుణాకర్. ఆమె పక్కనే నా చెప్పుల దుకాణం. ఏళ్ల తరబడి ఆమె పని చూస్తున్నా నాకింకా విడ్డూరమే. బిగుతు గాజు వేళ్ల కణుపుల దగ్గర ఆగిపోతుంది కదా, అక్కడ ఆమె ఆ చేతిని ఏం చేస్తుందో తెలియదు. అరచేతిని మెల్లగా మడిచి, ఏదో ఇంటి ముచ్చట అడుగుతుంది. జవాబు పూర్తయ్యేలోపు గాజు మణికట్టు మీద ఉంటుంది. ఆడవాళ్లు కళ్లు మూసుకుని ఆమెకు చెయ్యి అప్పగిస్తారు.

ఆ దుకాణంలో ఒక మాట నిషేధం. వేసేటప్పుడు గాజు చిట్లితే "పగిలింది" అనకూడదు, అశుభం. "పెరిగింది" అనాలి. షకీలాపా నమాజు తప్పని మనిషి, వచ్చేవాళ్లలో సగానికి సగం హిందువులు. అయినా ఆ కట్టుబాటు ఆమె ఒక్కనాడూ తప్పగా నేను వినలేదు.

రెండేళ్ల కిందటి వానాకాలంలో ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. నెల రోజులు దవాఖానా, ఇల్లు తప్ప వేరే లోకం లేదు. తిరిగొచ్చి దుకాణం తెరిచిన రోజు నేను గుర్తుపట్టలేదంటే నమ్మండి. నిండు మనిషి కాస్తా పుల్లలా అయింది. చెయ్యెత్తితే సొంత గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చూసిన ప్రతివాళ్లూ "అయ్యో ఆపా, గింత తగ్గినవేంది" అనేవాళ్లే.

ఆ వారంలోనే ఒకడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. పాత దుకాణాల మీద వీడియోలు తీస్తాడట. గోడ మీద ఆమె పాత ఫోటో చూసి, "ఇది మీరేనా అమ్మా?" అన్నాడు.

"నేనే బేటా. గప్పుడు మస్తుంటుంటి. నెల దినాల్లనే గింత తగ్గిన" అని షకీలాపా నవ్వింది. జ్వరం సంగతి కూడా చెప్పింది. వాడు చాయ్ తాగి, దండం పెట్టి పోయాడు.

కొన్నాళ్లకు దుకాణానికి అరుణ వచ్చింది. ప్రైవేటు బడిలో టీచరు, చిన్నప్పటి నుంచీ షకీలాపా దగ్గరే గాజులు వేయించుకునే పిల్ల. కాస్త బొద్దుగా, కళకళలాడుతూ ఉండేది. ఆ రోజు కళ్లు పచ్చబడి, గోడ పట్టుకుని నిలబడింది. చేతిలో ఒక డబ్బా ఉంది.

"ఆపా, నువ్వు చెప్పినవనే గీ పొడి తాగిన. క్లాసులనే పడిపోయిన. కార్జం, గదే లివర్, వాచిందంటున్నరు డాక్టర్లు."

షకీలాపాకు ఏమీ అర్థం కాలేదు. అరుణ ఫోన్ తీసి చూపించింది. తెర మీద ఒకపక్క గోడమీది పాత ఫోటో, దాని మీద "ముందు" అని రాసి ఉంది. ఇంకోపక్క టైఫాయిడ్ నుంచి లేచిన ముఖం, దాని మీద "తర్వాత". మధ్యలో ఆ డబ్బా. షకీలాపా గొంతు స్పష్టంగా వినిపిస్తోంది: "నెల దినాల్లనే గింత తగ్గిన." జ్వరం మాట కోసేశారు. కింద మాత్రం "నెలలో బరువు తగ్గాను: షకీలా, మెదక్" అని పెద్ద అక్షరాలు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా! డబ్బా ముందువైపు సన్నని నడుము బొమ్మ, గ్యారంటీ. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో "ఇది మందు కాదు" అని. నాకు ముందే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ వీడియోవాడు దొరికితే నా దుకాణంలో సరుకంతా వాడి వీపు మీదే ఖాళీ చేసేవాణ్ణి.

షకీలాపా మాత్రం అరుణ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "బిడ్డా, అల్లా సాక్షి, గా పొడి నేను కండ్లతోటి సూడలే. ఇప్పుడు ఏం జెయ్యాల్నో చెప్పు, నీ ఎంబడి నేనుంట" అంది.

అరుణ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేసింది. కంపెనీ ఎక్కడున్నా సరే, మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చట. వకీలు లేకపోయినా మన మాట మనమే చెప్పుకోవచ్చట. డబ్బా, బిల్లు, వీడియో, దవాఖానా కాగితాలు జాగ్రత్త చేసుకొమ్మన్నారు. ఇంత పెద్ద తలుపు మనలాంటి వాళ్ల కోసం తెరిచి ఉంటే, ఇన్నాళ్లూ మనం కిటికీలోంచి తొంగి చూస్తూ బతికామే అనిపించింది.

ఫిర్యాదు వేశాక కంపెనీ వకీలు నుంచి షకీలాపాకు నోటీసు వచ్చింది. ప్రచారం చేసింది ఆమేనట, తప్పుడు ప్రచారమని తేలితే చట్టం ఆమెనూ వదలదట. నాకు భయం వేసింది.

"ఆపా, నీకెందుకు గీ లొల్లి? నాకేం ఎర్క లేదని ఇంట్ల కూసో" అన్నాను.

"తమ్మీ, ఆడోల్లు కండ్లు మూసుకుని నా చేతుల చెయ్యి వెడ్తరు. నేను నొప్పి జెయ్యనని నమ్మి. నా మాట నమ్మి గా పిల్ల విషం తాగింది. ఇయ్యాల నేను ఇంట్ల కూసుంటే రేపు ఎవ్వల చెయ్యి పట్టుకోవాలె?"

ఆ రోజు నుంచి దుకాణానికి ఎవరొచ్చినా ముందు ఆ మాటే చెప్పేది: "గా పొడి నేను తాగలే. తాగినోల్లుంటే బంద్ జెయ్యుండ్రి, డాక్టర్‌కు సూపించుకోండ్రి." కొందరు తిట్టారు. కమీషన్ తిని ఇప్పుడు కథలు చెబుతోందని మొహం మీదే అన్నారు. కొందరు వేరే దుకాణానికి పోయారు. ఆమె కళ్లు తుడుచుకుని, తరువాత వచ్చిన మనిషికి మళ్లీ అదే మాట చెప్పేది. నాకైతే రెండో రోజుకే నోరు జారేది.

మెదక్ వాళ్లకూ కమిషన్ సంగారెడ్డిలోనే. వాయిదా రోజు ముగ్గురం కలిసే బస్సెక్కాం. షకీలాపా సాక్ష్యం ముందే రాతలో ఇచ్చింది, కానీ ఆమెను ప్రశ్నలు అడగాలని కంపెనీ వకీలే పట్టుబట్టాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

వీడియో ఆడించి అడిగాడు. "ఈ గొంతు మీదేనా? తగ్గాను అన్నారా, లేదా?"

"నాదే సార్. తగ్గిన అన్న."

"అంటే బరువు తగ్గినట్టేగా?"

షకీలాపా కొంగు సర్దుకుని మెల్లగా మొదలుపెట్టింది.

"సార్, మా దిక్కు మంచిగున్న మనిషిని ఎవ్వరు తగ్గినవ్ అనరు. రోగమొచ్చి మంచాన వడి లేస్తే అంటరు, అయ్యో తగ్గినవ్ బిడ్డా అని. అది ఏడ్సుకుంట అనే మాట. మీరు దాన్ని అమ్ముకున్నరు." ఒక్క క్షణం ఆగి, చేతి గాజులు చూపించింది. "గీ గాజు చిట్లితే మా దుకాన్ల పెరిగింది అంటం సార్. గాజు పెరుగుతదా? మా మాట మాకు ఎర్క. తెల్వకుంటే అడగాలె. నేను జరమొచ్చిందని చెప్పిన ముక్క గూడ ఉండాలె, గది ఎక్కడ వోయింది?"

పీఠం మీది సభ్యురాలు తన చేతి గాజుల వంక చూసుకోవడం నేను చూశాను. పూర్తి వీడియో తెమ్మని కంపెనీకి చెప్పారు. వాళ్లు తేలేకపోయారు. బడి మొహం చూడని ఆడమనిషి, గొంతు పెంచకుండా, ఒక్క అబద్ధం ఆడకుండా అంతమంది ముందు నిలబడింది. దేవుడు ఎదురుగా నిలబడ్డా నేను అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపోను.

తీర్పు అరుణ పక్షాన వచ్చింది. వైద్యం ఖర్చులు, పరిహారం ఇమ్మన్నారు. ఆ ప్రకటన ఆపి, అది తప్పని చెప్పే ప్రకటన కంపెనీ సొంత ఖర్చుతో వేయాలన్నారు. చట్టంలో అట్లాంటి ఏర్పాటు కూడా ఉందట. ఇప్పుడు ఫోన్లో ఆ కంపెనీ పేజీలో అదే ముఖం కింద "ఈమె మా పొడి వాడలేదు, జ్వరంతో చిక్కిపోయింది" అని ఉంది. నేను రోజుకోసారి తెరిచి చూసుకుంటాను.

ఆ డబ్బులు వచ్చినా అరుణ వెంటనే కోలుకోలేదు. చాలాకాలం పథ్యం, మందులు. దుకాణం ముందు నుంచి బడికి పోతుంటే ఎముకల గూడులా ఉండేది. షకీలాపా ఆమె మణికట్టు వంక చూసి తల తిప్పుకునేది.

మొన్న శివరాత్రికి ముందు, ఏడుపాయల జాతరకు పోవాలని అరుణ గాజులకు వచ్చింది. షకీలాపా చెయ్యి పట్టుకుని, జబ్బు పడ్డప్పటి నుంచీ ఆమెకు వేస్తున్న చిన్న సైజే తీసింది. "అమ్మ మంచిగుందా బిడ్డా?" అంటూ అరచెయ్యి మడిచింది. అరుణ కళ్లు మూసుకుంది. గాజు కణుపుల దగ్గర ఆగింది. షకీలాపా కాస్త ఒత్తింది. టప్పున చిట్లింది.

ఆమె చేతిలో గాజు చిట్లగా నేను చూసింది చాలా తక్కువ. ఆమె ఆ ముక్కల వంక చూసింది, అరుణ చేతి వంక చూసింది. ఆ మణికట్టును రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, కండ పట్టిన చోట బొటనవేలితో నొక్కి చూసింది. కళ్లనిండా నీళ్లు.

"పెరిగింది" అంది.