కూతురి పక్కన ఉన్న అమ్మ

కాన్పులో తల్లి ప్రాణం పోతే అధికారులు విచారణ జరుపుతారు. ఆ విచారణలో ఇంటివాళ్ల మాట ఎంతవరకు వింటున్నారన్నది మా పరిశోధన. అందులో పాల్గొనమని ఆ కుటుంబాలను అడగడం నా పని. నంద్యాలలో పొద్దున్నే బస్సెక్కేదాన్ని. చాలా ఇళ్లలో మంచినీళ్లిచ్చి, వద్దని చెప్పి పంపేవారు.

ఆళ్లగడ్డలో ఒక శిల్పి భార్య పోయి ఏడాది దాటింది. నేను వెళ్లేసరికి రాతి నంది మూపురం చెక్కుతున్నాడు. ఉలి ఆపకుండానే నేను చెప్పిందంతా విన్నాడు.

"ఇంగేం అడుగుతారుమ్మా? ఆ పొద్దు ఆపీసరోళ్లు వచ్చి నన్నే అడిగిరి. నేను ఈడ పనిలో ఉంటి. నాకేం తెలుసు?"

"మరి ఆస్పత్రిలో ఆయమ్మ దగ్గర ఎవురుండ్రి అన్నా?"

ఉలి ఆగింది. "మా అత్త. కడాకూ ఆమే ఉన్యాది. ఆమెను ఎవురూ అడగల్యా."

మర్నాడే గడివేముల దగ్గర ఆమె ఊరికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని మనవరాలికి పెరుగన్నం తినిపిస్తోంది. సంగతి చెప్పగానే ముఖం తిప్పుకుంది.

"నొప్పులొస్తే బేగా ఎందుకు తీసకపోల్యా అని ఊరంతా నన్నే అంటాంది. నువ్వూ అదే రాస్తావ్."

"తప్పెవురిదో తేల్చేకి రాల్యామ్మా. మిమ్మల్ని ఎందుకు అడగల్యా అనేది తెలుసుకునేకి వచ్చినా. మీ పేరు యాడా రాయం. వద్దంటే పోతా."

"చెప్తే నా బిడ్డ వస్తాదా?"

"రాదమ్మా."

నంబరిచ్చి వచ్చేశాను. కొన్నాళ్లకు ఆమే ఫోన్ చేసింది. "ఆదివారం చర్చికి పోయొచ్చినాక ఇంట్లోనే ఉంటా. రా."

ఆ రోజు పొద్దు వాలేదాకా మాట్లాడింది. కాన్పయ్యాక కూతురి పక్కబట్టలు రక్తంతో తడిసిపోతుంటే వరండాలో పరిగెత్తిందట. కనిపించిన ప్రతి ఒక్కరినీ పిలిచిందట. గాభరా పడొద్దు, కూర్చోమన్నారట. చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"అంతా చెప్పినా కదా. నా బిడ్డ ఎందుకు సచ్చిపోయినాదో నాకు ఎవురన్నా చెప్పండి."

అది మా పరిశోధనలో భాగం కాదు. అయినా ఆ మాట విన్నాక వదిలిపెట్టలేకపోయాను. అల్లుడి చేత అర్జీ పెట్టించి, ఆస్పత్రి కాగితాల కోసం తిరిగాను. రేపు రమ్మన్నారు, మళ్లీ రేపన్నారు. వాళ్లు ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లూ వెళ్లాను. నెలలు పట్టినా చివరికి ఇచ్చారు.

నంద్యాలలో మా బృందంలోని డాక్టరమ్మ ఆమెకు ఎదురుగా కూర్చుని విడమరిచి చెప్పింది. కాన్పు తర్వాత గర్భసంచి ముడుచుకోలేదు, రక్తం ఆగలేదు. ఎవరో ఒకరు ముందే గమనించాల్సింది. "మీరు సమయానికే తీసుకొచ్చారమ్మా. ఆలస్యం మీది కాదు."

"ఇంగోసారి చెప్పు తల్లీ," అంది ఆమె. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. పక్కన అల్లుడు తల వంచుకుని ఏడుస్తున్నాడు. ఆమె మాత్రం ఏడవలేదు. "ఈ మాట అప్పుడే చెప్పింటే ఇన్నాళ్లూ నేను నిద్రన్నా పోయింటి," అంది.

పక్కన ఉన్న మనిషిని తప్పక అడగాలని, విచారణలో తేలిన సంగతి ఇంటికి వెళ్లి చెప్పాలని మా నివేదికలో రాశాం. పైవాళ్లు ఏం చేస్తారో ఇంకా తెలియదు.

మొన్న బండి ఆత్మకూరులో, అంతకుముందు నన్ను వద్దన్న ఇంటికి ఆమె నాతో వచ్చింది. గడప బయటే నిలబడి నాకంటే ముందు తనే మాట్లాడింది.

"నా కూతురు కాన్పులో పోయినాదప్పా. ఈయమ్మ అడిగితే చెప్పినా. మీకు ఇష్టమైతేనే చెప్పండి, ల్యాకుంటే పోతాం."

ఆ ఇంటాయన మమ్మల్నిద్దరినీ చూసి, కూర్చోడానికి మంచం వాల్చాడు.