పల్లెకోన దాటితే నాన్న

ముందే చెప్పేస్తున్నానండి, నేను చెప్పేదాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్లో సగం నమ్మండి. (అది కూడా ఎక్కువే అంటుంది మా ఆవిడ.) ఆ రోజుల్లో నాకు తండ్రితనం ఆదివారం ఉద్యోగం. కాన్పుకి పుట్టింటికెళ్లిన మా ఆవిడ రేపల్లెలో, నేనేమో బాపట్లలో ఎరువుల కొట్లో. వారమంతా యూరియా బస్తాలతో కాపురం చేసి, ఆదివారం పొద్దున్నే తెనాలి వచ్చి, అక్కడ రేపల్లె పాసింజరెక్కి కూతురి దర్శనానికి వెళ్లేవాణ్ణి. (సైకిలు మీద పాలాయన ఆ పాసింజరుని దాటేసి, జాలిపడి మళ్లీ మా కోసం ఆగేవాడు.)

దర్శనం ఎలా ఉండేదంటే, ఎత్తుకోగానే పిల్ల నా మీసం వంక ఒక్క క్షణం చూసేది. ఆ తర్వాత అందుకునే రాగానికి గోడ మీద కాలెండరు ఊగేది, పక్కింటి గేదె తాడు తెంపుకునేది, స్టేషన్లో ఆగి ఉన్న రైలు గార్డు ఈల అనుకుని కదిలిపోయేది. మా అత్తగారు పరుగున వచ్చి పిల్లని లాక్కుని, "ఎవరమ్మా మా బంగారాన్ని ఏడిపించింది?" అని అడిగేవారు, నేను ఎదురుగానే నిలబడి ఉండగా.

రోజూ సాయంత్రం మా ఆవిడ ఫోను తెచ్చి పిల్ల చెవి దగ్గర పెట్టేది. నాలుగు నెలల పిల్లతో ఏం మాట్లాడతాం చెప్పండి? మొదటిరోజు "ఏమ్మా, భోజనం అయిందా?" అన్నాను. రెండోరోజు "అక్కడ వానలున్నాయా?" అన్నాను. మూడోరోజుకి సరుకైపోయి, రైలు నడిచే లయలో స్టేషన్ల పేర్లందుకున్నాను. "తెనాలి, చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లెకోన, రేపల్లె... కూ!" అటునుంచి ఒకటే కిలకిల. "ఏవండీ, నవ్వుతోందండీ! ఫోన్ని నాకేస్తోంది!" అని మా ఆవిడ కేక. అంటే నా కూతురి దృష్టిలో నాన్నంటే ఆ నల్ల ఫోను. ఆదివారం వచ్చే మీసాలాయన ఎవరో పరాయివాడు.

ఇంతలో ఐదో నెల వచ్చింది. తల్లీబిడ్డల్ని బేసి నెలలోనే పంపుతారు కదా, అత్తగారు తీర్పు చెప్పేశారు. "పిల్ల మీ దగ్గర ఉండట్లేదు బాబూ. ఈ ఆదివారం మీ చేతుల్లో ఏడవకుండా ఉంటే పంపిస్తాం. లేదంటే ఇక ఏడో నెలే."

ఆ ఆదివారం నేను నేరుగా గదిలోకి వెళ్లనేలేదు. పెరట్లో బోరింగు పక్కన నిలబడి లోపలికి ఫోన్ కొట్టాను. "ఇంటికొచ్చి ఫోన్ చేస్తాడేంటే మీ ఆయన?" అన్నారు మావగారు. "మీరూరుకోండి నాన్నా, ఇంకా తెనాల్లోనే ఉన్నారు" అంది మా ఆవిడ. ఫోన్లో స్టేషన్లు చదువుతూనే నడక మొదలెట్టి, వేమూరుకి వంటింటి గుమ్మం ఎక్కాను. పెనుమర్రుకి బియ్యం డబ్బాకి తన్నుకున్నాను. భట్టిప్రోలుకి మంచం దగ్గరున్నాను. పిల్ల ఫోను వంక చూసింది. నా వంక చూసింది. మళ్లీ ఫోను వంక. అత్తగారు ఎందుకైనా మంచిదని రెండు చేతులూ చాపి సిద్ధంగా ఉన్నారు. నేను ఫోను జేబులో పెట్టేసి, పిల్లని ఎత్తుకుని, మెల్లగా "పల్లెకోన" అన్నాను. చటుక్కున మీసం పట్టుకుని లాగింది. ఆ నొప్పికి నేను పెట్టిన కూత రేపల్లె దాటి సముద్రం దాకా వెళ్లింది. పిల్ల పకపకా నవ్వి, నా కొత్త చొక్కా నిండా తడిపేసింది.

"బండి వచ్చేసిందే, సామాన్లు సర్దు" అన్నారు మావగారు.

ఇప్పుడు ఆ పిల్ల బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, మేం తెనాలిలో ఉంటున్నాం. సాయంత్రం ఫోన్ చేసి హలో కూడా అనదు. "ఎక్కడిదాకా వచ్చావు నాన్నా?" అంటుంది. నేను కుర్చీలోంచి లేవకుండానే "ఇదిగో, వేమూరమ్మా" అంటాను.

ఇక, ఇందులో నేను కల్పించిందేంటో చెప్పాలిగా. గేదె నిజమేనండి (తాడు పాతది). అత్తగారి షరతు మాత్రం అబద్ధం. ఆవిడ మొదటినుంచీ "ఈ నెలలోనే తీసుకెళ్లండి బాబూ" అనే అన్నారు. "పిల్ల నా దగ్గర ఉండదేమోనండి, ఏడో నెల దాకా ఉంచుకోండి" అని బోరింగు పక్కన గొణిగింది నేను. ఆ మీసాలాయనకి అంత భయం. ఇప్పుడు తలుచుకుంటే, ఆ వేళ ముందు అతన్నే ఎవరైనా ఎత్తుకుని ఊరుకోబెట్టాల్సిందేమో, పాపం, అనిపిస్తుంది.